నిర్ణయం ముందు, కెమెరా తర్వాత
మల్టీమీడియా ప్రాజెక్టు బాధ్యత తొలిసారి చేతికొచ్చిన వాళ్లకు

ఆఫీసులో పై అధికారి పిలిచి "ఈ వీడియోల పని మీరు చూసుకోండి" అంటారు. మీరు కెమెరామన్ కాదు, ఎడిటర్ కాదు, బొమ్మలు గీయడం రాదు. అయినా ఆ పని చేసేవాళ్లందరినీ కూడగట్టి, అనుకున్న తేదీకి, అనుకున్న ఖర్చులో పని పూర్తి చేయించాల్సింది మీరే. ఆస్పత్రుల శిక్షణ విభాగాల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, కోచింగ్ సెంటర్లలో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో, వ్యవసాయ విస్తరణ పనుల్లో ఇప్పుడు ఇలాంటి బాధ్యత చాలామంది మీద పడుతోంది. వాళ్లకు మొదటి అడుగులో పనికొచ్చే నాలుగు మాటలివి.

రాత, బొమ్మ, గొంతు, సంగీతం, వీడియో, యానిమేషన్, వేలితో నొక్కితే స్పందించే తెర... వీటిలో కొన్ని కలిస్తే అది మల్టీమీడియా. చిక్కంతా ఆ కలిసే చోటే ఉంటుంది. రాసేవాళ్లకు ఎడిటింగ్‌లో ఏది ఎంతసేపు పడుతుందో తెలియదు. గ్రాఫిక్స్ చేసేవాళ్లకు తెర మీద తాము వేసే అంకె ఎందుకు ముఖ్యమో తెలియదు. ఒకరి పని ముగిస్తే గానీ ఇంకొకరిది మొదలవదు. అందుకే ఇక్కడ మేనేజర్ ముఖ్యంగా చేయాల్సింది ఒకటే. ఏ దశలో తేలాల్సిన విషయాన్ని ఆ దశలోనే, తేల్చే అధికారం ఉన్న మనిషి చేత తేల్చించి, రాతలో పెట్టాలి. తేలకుండా వదిలేసిన విషయం ఎక్కడికీ పోదు. చివరికి ఎడిటర్ ముందుకు, డెలివరీకి ముందు రాత్రి వచ్చి కూర్చుంటుంది. అందరూ చేసిన జాప్యాన్ని ఆ ఒక్క మనిషి నిద్ర మానుకుని తీర్చాల్సి వస్తుంది. అది అన్యాయం. కొంచెం ముందుచూపు ఉంటే తప్పించగలిగిన అన్యాయం.

ఒక ఉదాహరణ పట్టుకుని నడుద్దాం

పత్తి రైతుల కోసం గులాబీ రంగు పురుగు మీద ఐదేసి నిమిషాల వీడియోలు ఆరు, వాటితోపాటు ఫోన్‌లో ఆడే చిన్న క్విజ్ ఒకటి చేయాలనుకుందాం. వానాకాలం పత్తిని మన దగ్గర ఎక్కువగా జూన్, జులై నెలల్లో విత్తుతారు. పురుగు పట్టిన పువ్వు రేకలు విచ్చుకోకుండా ముడుచుకుని ఉండిపోతుంది. దాన్నే రైతులు గుడ్డిపువ్వు అంటారు. ఆ పువ్వు పూత దశలో తప్ప దొరకదు. లింగాకర్షక బుట్టలు కట్టడం, ఏరడం అయ్యాక పత్తి కట్టె తీసేయడం... ఇలా ఒక్కో దృశ్యానికి ఒక్కో అదును ఉంది. బడ్జెట్ ఎంత ఉన్నా పూత అయిపోయాక గుడ్డిపువ్వును తీయలేరు.

కాబట్టి క్యాలెండర్ వెనక నుంచి ముందుకు వేయాలి. వీడియోలు రైతుకు వచ్చే ఏడాది విత్తే ముందు, అంటే మే నెలాఖరుకు చేరాలి. అంటే ఈ ఏడాది పంట మీదే షూటింగ్ మూడు విడతలుగా జరగాలి. దానికి పూత రాకముందే స్క్రిప్టులు ఖాయమవ్వాలి. స్క్రిప్టు ఖాయమవ్వాలంటే శాస్త్రవేత్త సమయం జులైలో కావాలి. ఆయన ఆ నెలంతా పొలాల వెంట తిరుగుతూ ఉంటారు. ఈ సంగతి ఫిబ్రవరిలో తెలిస్తే ఏప్రిల్‌లోనే కూర్చోబెట్టి మాట్లాడించవచ్చు. జులైలో తెలిస్తే చేసేదేమీ లేదు. మీ ప్రాజెక్టు ఏదైనా కావచ్చు, మన చేతిలో లేని తేదీ అందులో ఒకటి తప్పకుండా ఉంటుంది. పంట అదును, పరీక్షల కాలం, పండుగ, డాక్టరుగారి సెలవు, ప్రారంభోత్సవం. ముందు దాన్ని వెతికి రాసుకోండి. మిగతా తేదీలన్నీ దాని చుట్టూ అమర్చండి.

ఒక పేజీలో ఒప్పందం

పని మొదలయ్యే ముందు ఒక్క పేజీ రాయండి. చూసేవాళ్లు ఎవరు, చూశాక వాళ్లు ఏం చేయాలి, ఎక్కడ చూస్తారు, మనం ఇచ్చేవి ఏమిటి, ఇవ్వనివి ఏమిటి, ఎప్పటికి, ఎంతలో. "రైతుల్లో అవగాహన పెంచడం" అని రాస్తే దాన్నిబట్టి ఏ షాట్ ఉంచాలో, ఏది తీసేయాలో ఎవరూ చెప్పలేరు. "గుడ్డిపువ్వును చూసి గుర్తుపట్టి, కోసి నాశనం చేయగలగాలి" అని రాస్తే రచయితకు, కెమెరామన్‌కు, క్విజ్ తయారుచేసేవాళ్లకు ఒకే గురి దొరుకుతుంది.

ఇవ్వనివి ఏమిటో రాయడం మరీ ముఖ్యం. వీడియోలు సగంలో ఉండగా "పనిలో పనిగా రీల్స్ కూడా చేసేయండి" అని ఎవరో ఒకరు అంటారు. అడ్డంగా తీసిన 1920 బై 1080 ఫ్రేమును నిలువు 1080 బై 1920కి మారిస్తే పక్కన నిలబడ్డ మనిషి తెగిపోతాడు, కింద వేసిన అక్షరాలు పోతాయి. రీల్స్ కావాలంటే ఆ మాట షూటింగ్‌కు ముందే అనాలి. అప్పుడు కెమెరామన్ మధ్యలో చోటు వదిలి ఫ్రేము పెడతాడు. తర్వాత అడిగితే అది కొత్త పని, కొత్త తేదీ, కొత్త ఖర్చు. పేజీలో ఉంటే ఈ మాట మొహమాటం లేకుండా చెప్పవచ్చు.

ఎవరి మాట చివరిది?

ఇంకో కాగితం మీద పనులన్నీ వరసగా రాసి, ఒక్కోదాని ఎదురుగా నాలుగు గళ్లు పెట్టండి. చేసేది ఎవరు, సరిచూసేది ఎవరు, ఖాయం చేసేది ఎవరు, తెలియజేయాల్సింది ఎవరికి. మూడో గడిలో ఒక్క పేరే ఉండాలి. "కమిటీ" అని రాయకండి. కమిటీ అభిప్రాయాలు చెప్పవచ్చు, వాటిని కలిపి ఒక మాటగా తేల్చేది మాత్రం ఒక మనిషే కావాలి. లేకపోతే ఒకరు సంగీతం తగ్గించమంటారు, మరొకరు పెంచమంటారు, ఎడిటర్ రెండూ చేసి చూపించి రెండుసార్లు మాట పడతాడు.

విషయ నిపుణుడి పాత్ర వేరే చెప్పుకోవాలి. పురుగుమందు మోతాదు చెప్పాల్సింది శాస్త్రవేత్తే. ఆ మాట ఏ భాషలో, ఎంత పొడవున చెప్పాలో తేల్చేది రచయిత. ఈ రెండు అధికారాల మధ్య గీత మొదటి సమావేశంలోనే గీయండి. "సార్, విషయంలో తప్పుంటే మీ మాటే ఆఖరు. మాట తీరు మాత్రం రైతుకు అందేలా మేం మార్చుకుంటాం" అని ముందే అంటే ఎవరి మనసూ నొచ్చుకోదు.

ఒక అంకె చేసే ప్రయాణం

ఆలస్యంగా వచ్చిన మార్పు ఎంత ఖరీదో చెప్పడానికి ఒక్క అంకె చాలు. శాస్త్రవేత్త మోతాదును హెక్టారు లెక్కన ఇచ్చారు. రైతు లెక్క ఎకరాల్లో ఉంటుంది. హెక్టారు అంటే దాదాపు 2.47 ఎకరాలు. స్క్రిప్టు దశలో ఇది కంటపడితే ఒక గీత కొట్టి మార్చేస్తారు, ఒక్క నిమిషం. వాయిస్ రికార్డయ్యాక కనపడితే వాయిస్ ఆర్టిస్టును మళ్లీ పిలవాలి, స్టూడియో మళ్లీ మాట్లాడుకోవాలి. పైగా ఆ రోజు గొంతు ఈ రోజు గొంతుతో సరిగ్గా అతకదు. కాబట్టి ఒక్క పదం కాకుండా పేరా మొత్తం చెప్పించాలి. గ్రాఫిక్స్ అయ్యాక కనపడితే యానిమేషన్ కూడా మార్చాలి. ఎడిటింగ్ పూర్తయ్యాక అయితే వీటన్నిటితోపాటు ఆడియో మిక్సింగ్, సబ్‌టైటిల్స్, రెండరింగ్ మళ్లీ చేయాలి, క్విజ్‌లో ఆ ప్రశ్నా మార్చాలి. వీడియో రైతు ఫోన్‌కు చేరాక కనపడితే మార్చడం మన చేతిలో లేదు. ఎకరా పొలానికి రెండున్నర ఎకరాల మందు కొట్టి ఉంటాడు.

అందుకే నాలుగు తాళాలు పెట్టుకోండి. స్క్రిప్టు ఖాయం, స్టోరీబోర్డు (దృశ్యాల బొమ్మల వరస) ఖాయం, రఫ్ కట్ (తొలి కూర్పు) ఖాయం, ఫైనల్ ఖాయం. ఒక్కో దగ్గర బాధ్యుడు "చూశాను, ఇది సరే" అని మెయిల్‌లో రాయాలి. ఆ తర్వాత మార్చకూడదని కాదు. మారిస్తే ఎన్ని రోజులు, ఎంత డబ్బు అని లెక్క కట్టి, ఆయన ఒప్పుకున్నాకే మారుస్తాం. స్క్రిప్టు ఖాయం చేసే ముందు దాన్ని గడియారం పెట్టుకుని గట్టిగా చదివించండి. కాగితం మీద చిన్నదిగా కనిపించిన స్క్రిప్టు గొంతులో ఏడు నిమిషాలు రావచ్చు. ఐదు నిమిషాలకు మించిన ఆ రెండు నిమిషాలు అప్పుడే కోసేస్తే వాటి షూటింగు, వాటి గ్రాఫిక్స్ అన్నీ మిగులుతాయి.

అభిప్రాయం చెప్పడం కూడా పనే

"చివర్లో ఇంకొంచెం బాగుండాలి" అన్న మాటతో ఎడిటర్ ఏం చేయగలడు? "2 నిమిషాల 14వ సెకను: 'హెక్టారుకు' తీసి 'ఎకరాకు' పెట్టాలి, గొంతులోనూ, తెర మీదా" అని రాస్తే పది నిమిషాల్లో పని మొదలవుతుంది. ప్రతి కరెక్షన్‌కూ మూడు ఉండాలి. ఎక్కడ, ఏమిటి, ఎందుకు. నచ్చలేదంటే ఎందుకు నచ్చలేదో చెప్పమనండి. దాన్ని ఎలా సరిచేయాలో పనివాళ్లకే వదలండి. "పువ్వు కనిపించేలోపే షాట్ అయిపోతోంది" అన్నది పనికొచ్చే మాట. షాట్‌ను నెమ్మది చేయాలా, దగ్గరి షాట్ వేయాలా అన్నది ఎడిటర్ తేల్చుకుంటాడు.

అభిప్రాయాలన్నీ ముందు మీ దగ్గరికే రావాలి. మీరు వాటిని కలిపి, ఒకదానికొకటి పొసగనివి తేల్చి, ఒకే పట్టికగా పంపాలి. ఒక్కో దశకు రెండు విడతల కరెక్షన్లని ఒప్పందంలోనే రాసుకోండి. వాట్సాప్‌లో వచ్చిన వీడియో మామూలుగా కుదించుకుపోయి వస్తుంది. దాన్ని చూసి రంగు, స్పష్టత మీద తీర్పు చెప్పకండి. వాట్సాప్‌లో అనుకున్న నిర్ణయాన్ని అదే రోజు పట్టికలోకి ఎక్కించండి. నెల తర్వాత ఆ మెసేజ్ వెతికి పట్టుకోవడం కష్టం.

మనుషులతో మెలగడం

పాతికేళ్ల మేనేజర్ కింద యాభై ఏళ్ల కెమెరామన్ పనిచేయడం ఈ రంగంలో మామూలే. లెన్సు గురించి ఆయనకు చెప్పబోకండి. "అన్నా, గుడ్డిపువ్వు లోపల ఉన్న పురుగు రైతుకు స్పష్టంగా కనపడాలి. ఎలా తీస్తే బాగుంటుందో మీరు చెప్పండి" అనండి. మీరు ఫలితం చెప్పారు, పద్ధతి ఆయనకు వదిలారు. ఆయన మధ్యాహ్నం ఎండలో కాకుండా పొద్దున్నే తీద్దామంటారు. ఆ ఒక్క మాటతో ఆరోజు షెడ్యూలు మారుతుంది, వీడియో బాగుపడుతుంది.

సౌండ్ చూసేవాళ్లను చాలామంది మరిచిపోతారు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే కట్టేస్తారు. పొలంలో పక్క బోరు మోటారు, ట్రాక్టరు, గాలి, అన్నీ మైకులోకి వస్తాయి. షూటింగ్ అయ్యాక అందరూ కదలకుండా నిలబడి అర నిమిషం ఉత్త పరిసరాల చప్పుడు రికార్డు చేసుకోనివ్వండి. మాటల మధ్య ఖాళీలు పూడ్చడానికి ఎడిటర్‌కు అది కావాలి. ఆ అర నిమిషం నిశ్శబ్దం ఇప్పించడం మేనేజర్ పని, ఎందుకంటే యూనిట్ మొత్తాన్ని ఆపగలిగేది మీరే.

ఇక తెర మీద కనిపించే రైతు. ఆయన నటుడు కాదు, తన పని మానుకుని వచ్చిన మనిషి. చేతికి కాగితమిచ్చి చదవమంటే బిగుసుకుపోతారు. విషయం చెప్పి, తన యాసలోనే తన మాటల్లో చెప్పమనండి. ఆరోజు కూలి నష్టం లెక్క కట్టి ఇవ్వండి. ఆయన ముఖం, గొంతు ఎక్కడెక్కడ వాడతారో తెలుగులో చదివి వినిపించి, అప్పుడు సంతకం తీసుకోండి. మరో విడత షూటింగ్‌కు అదే చొక్కా కావాలంటే మొదటి రోజే చెప్పి ఫొటో తీసి పెట్టుకోండి.

పని వెనకబడితే మనుషుల్ని పెంచేద్దామని అనిపిస్తుంది. ఐబీఎంలో ఓఎస్/360 తయారీని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో వచ్చిన 'ది మిథికల్ మ్యాన్-మంత్' అన్న పుస్తకంలో సాఫ్ట్‌వేర్ పని గురించి ఒక సంగతి గమనించారు. ఆలస్యమైన ప్రాజెక్టులో కొత్తవాళ్లను చేర్చితే అది మరింత ఆలస్యమవుతుందని. కొత్తవాళ్లకు పని నేర్పేది పాతవాళ్లే కాబట్టి వాళ్ల సమయం కూడా పోతుంది. వీడియో పనికీ ఇది వర్తిస్తుంది. చివరి వారంలో రెండో ఎడిటర్‌ను తెచ్చే బదులు, ఆరు వీడియోల్లో నాలుగు ముందు ఇచ్చి రెండు తర్వాత ఇస్తామని క్లయింటును ఒప్పించడం మేలు.

ముందే తేల్చాల్సిన సాంకేతిక సంగతులు

ఇవి కెమెరామన్, ఎడిటర్ కలిసి తేల్చేవి. అడిగి రాసి పెట్టుకోవడం మీ వంతు. సెకనుకు ఎన్ని ఫ్రేములు? మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి ట్యూబులైట్ల కింద షటర్ 50వ వంతు లేదా 100వ వంతు సెకనుకు పెడితే వెలుగు రెపరెపలాడదు. అందుకే ఇక్కడ 25 ఫ్రేములు అనువు. ఫోన్లు మామూలుగా 30లో తీస్తాయి. రెండూ కలిపితే కదలికలో కుదుపు వస్తుంది. వీడియోకు ఆడియో 48 కిలోహెర్ట్జ్‌లో ఉండాలి.

ఫైళ్ల లెక్క వేసుకోండి. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీస్తే గంట ఫుటేజ్ 45 జీబీ. రెండు కెమెరాలైతే దానికి రెట్టింపు. మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే చోట. ఈ సూత్రం తప్పకండి. రెండు కాపీలు సరిచూసుకున్నాకే కెమెరా కార్డు చెరపాలి, అదీ ఒక్క మనిషి చేతుల మీదుగానే. ఫైలు పేరులో వీడియో నంబరు, తేదీ, వెర్షన్ ఉండాలి. "ఫైనల్" అన్న పదం ఆఖరి ఆమోదం వచ్చేదాకా ఏ ఫైలుకూ పెట్టవద్దు.

తెలుగు అక్షరాల సంగతి తెలుగువాళ్లమే చూసుకోవాలి. డీటీపీ సెంటర్లలో వాడే పాత అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఆ మ్యాటర్‌ను అలాగే సబ్‌టైటిల్స్‌లోకి తెస్తే చెత్త అక్షరాలొస్తాయి. స్క్రిప్టు మొదటి నుంచీ యూనికోడ్‌లోనే రాయించండి. కొన్ని అడోబీ సాఫ్ట్‌వేర్లలో దక్షిణాసియా భాషల టెక్స్ట్ సెట్టింగ్ ఎంచుకోకపోతే వత్తులు, గుణింతాలు విడిపోవచ్చు. మండలి, రామభద్ర వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఏ ఫాంట్ అయినా "క్ష్మి", "స్త్రీ", "ర్థ్య" వంటివి కొట్టి, చిన్న ఫోన్‌లో చూసి ఎంచుకోండి. అక్షరాల రంగుకూ వెనక రంగుకూ తేడా కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి. ఎండలో ఫోన్ పట్టుకునే రైతుకు ఇంకా ఎక్కువే కావాలి. సబ్‌టైటిల్స్ వినికిడి లేనివాళ్లకు తప్పనిసరి. బస్సులో చప్పుడు లేకుండా చూసేవాళ్లకూ అవే దిక్కు.

హక్కులు, డబ్బులు

ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా చేసిన పని మీద, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ యజమానిది. బయటివాళ్ల చేత రాయించుకున్న స్క్రిప్టు, కట్టించుకున్న బాణీ అలా కాదు. డబ్బిచ్చినంత మాత్రాన హక్కు మనకు రాదు. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లకే అనీ, ఎక్కడో రాయకపోతే భారతదేశానికే అనీ లెక్క. మన వీడియోలు యూట్యూబ్‌లో ఉంటాయి కాబట్టి రెండూ స్పష్టంగా రాసుకోండి. సినిమా పాట వాడేద్దామన్న ఆలోచనే వద్దు.

డ్రోన్ షాట్ కావాలంటే 2021 డ్రోన్ నిబంధనలున్నాయి. ఆ పొలం ఆకుపచ్చ జోన్‌లో ఉందో, పసుపులోనో, ఎరుపులోనో ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైటు పటంలో ముందే చూడండి. 250 గ్రాములకు మించిన డ్రోన్‌ను వ్యాపార పనికి ఎగరేయాలంటే పైలట్‌కు సర్టిఫికెట్ ఉండాలి.

ఇక డబ్బు. ఫ్రీలాన్సర్లకు అడ్వాన్స్ ఎంత, రఫ్ కట్‌కు ఎంత, చివర ఎంత అన్నది పని మొదలవకముందే రాతలో ఇవ్వండి. టీడీఎస్ పోగా చేతికి ఎంతొస్తుందో కూడా చెప్పండి. ఉద్యం రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు పని అందుకున్న 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలని 2006 ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. దాటితే చక్రవడ్డీ కట్టాలి. చట్టం వర్తించినా వర్తించకపోయినా, "క్లయింటు ఇంకా ఇవ్వలేదు" అన్న మాట వాయిస్ ఆర్టిస్టు అద్దెకు, ఎడిటర్ ఈఎంఐకి పనికిరాదు. బడ్జెట్‌లో పదోవంతు పక్కన పెట్టుకోండి. వాన పడి ఒక రోజు షూటింగ్ పోతే ఆదుకునేది అదే. యూనిట్‌కు వేళకు భోజనం, దూరం నుంచి వచ్చిన వాళ్లకు ప్రయాణ ఖర్చు, పొలంలో పనిచేసే ఆడవాళ్లకు బాత్రూమ్ సదుపాయం కూడా బడ్జెట్‌లో వరసలే. చివర్లో గుర్తొచ్చేవి కావు.

పని అప్పగించాక

డెలివరీ అయిన వారంలోపే అందరినీ ఒక గంట కూర్చోబెట్టండి. ఏ నిర్ణయం ఆలస్యమైంది, దానివల్ల ఎవరి పని పెరిగింది, వచ్చేసారి అది ఏ తేదీకి తేలాలి? ఈ మూడు ప్రశ్నలే వేయండి. ఎవరి తప్పని అడగకండి. జవాబులు వచ్చే ప్రాజెక్టు క్యాలెండర్‌లో అప్పటికప్పుడే ఎక్కించండి. ఎడిటింగ్ ప్రాజెక్టు ఫైళ్లు, ఫాంట్లు, సంగీతం లైసెన్సులు, రైతుల అంగీకార పత్రాలు ఒకే ఫోల్డర్‌లో భద్రం చేయండి. రెండేళ్ల తర్వాత సిఫారసు మారి ఒక అంకె మార్చాల్సి వస్తే మీరు ఆ ఉద్యోగంలో ఉండకపోవచ్చు, ఆ ఫోల్డర్ ఉండాలి. పేర్లు వేసేటప్పుడు సౌండ్ చూసిన అబ్బాయి పేరు, పొలం ఇచ్చిన రైతు పేరు మరిచిపోకండి.

ఈ పనిలో సమర్థత అంటే కొత్త సాఫ్ట్‌వేర్ తెలియడం కాదు. మీతో ఒకసారి పనిచేసిన ఎడిటర్, రెండోసారి మీరు ఫోన్ చేస్తే "తేదీలు చెప్పండి" అని వెంటనే అనగలగాలి. ముందుగా తేల్చే నిర్ణయాలు, వేళకు అందే డబ్బు, మర్యాదగా అడిగే మాట, ఈ మూడింటితోనే ఆ నమ్మకం వస్తుంది. ఆ నమ్మకం ఉన్నచోట ప్రాజెక్టు తేదీలు కూడా నిలబడతాయి.